మా బాబు పాలు, ప్యాకెట్లు తప్ప ఏమీ ముట్టడం లేదు, ఏం చేయమంటారు?

కోనసీమ_కోడలు | డిసెంబర్ 2, రాత్రి 10:20

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లె. బాబుకి ఐదున్నరేళ్లు, యూకేజీ. పాపకి పదకొండు నెలలు. బాబు తిండి గురించి రోజూ టెన్షనే. ఈ రాత్రి ఏడుపొచ్చి ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున లేవగానే పెద్ద గ్లాసుడు పాలు, అందులో రెండు చెంచాల చాక్లెట్ పొడి. బడికి ఇడ్లీ కట్టిస్తే సగం తిరిగొస్తుంది. మధ్యాహ్నం బడి నుంచి వచ్చాక నాలుగు ముద్దల పెరుగన్నం, అదీ ఫోన్‌లో బొమ్మలు పెడితేనే. కూర కనబడితే పెదాలు బిగించేస్తాడు. సాయంత్రం మావయ్యగారు సెంటర్‌కి వెళ్లొస్తూ కొట్లోంచి కారం కారంగా ఉండే గొట్టాల ప్యాకెట్టో, క్రీమ్ బిస్కట్లో తెస్తారు. మనవడు వీధి అరుగు మీద కూర్చుని ఆయన సైకిల్ బెల్లు కోసం ఎదురుచూస్తాడు. ఇక రాత్రి అన్నం ఎక్కడ తింటాడండి? అన్నం తినలేదు కదా, కనీసం కడుపులో పాలైనా పడనీ అని అన్నం వేళకి ఒక గ్లాసు, పడుకునే ముందు ఇంకో గ్లాసు నేనే పట్టిస్తున్నాను.

మా పెరట్లో ఏం లేదని! మునగ, పనస, కొబ్బరి, అరటి, బచ్చలి తీగ. మునగాకు ఊళ్లో అందరూ వచ్చి కోసుకెళ్తారు. మా ఇంట్లో పిల్లాడికి మాత్రం అందులో ఏదీ నోట పట్టదు.

పోయిన వారం జ్వరం వస్తే డాక్టరు గారు రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 9.8 ఉందన్నారు. సిరప్ రాశారు. ఆ కాగితం చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. మావయ్యగారికి ఎలా చెప్పాలో కూడా తెలియడం లేదు. ఆయన ప్రేమగా తెస్తారు. నేను వద్దంటే నొచ్చుకుంటారు.

పాలకొల్లు_పెద్దమ్మ | డిసెంబర్ 3, ఉదయం 5:50

అమ్మాయ్, ముందు ఏడవడం మానెయ్యి. నలుగురు పిల్లల్ని, ఆరుగురు మనవల్ని పెంచినదాన్ని చెబుతున్నాను. పిల్లాడు తిండి విషయంలో తల్లి మొహం చూస్తాడు. నీ మొహంలో భయం కనబడితే వాడికీ ముద్ద దిగదు.

ఆ ఫోన్ తీసి బీరువాలో పెట్టు. పెరట్లోకి తీసుకెళ్లి కాకుల్ని, కోళ్లని చూపిస్తూ చేత్తో కలిపి గోరుముద్దలు పెట్టు. వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి, కాస్త ఆవకాయ ఊట. ఇష్టంగా తినేదాకా ఓపిక పట్టి నాలుగు ముద్దలు ఎక్కువే పెట్టు. ఆదివారం పూట దిబ్బరొట్టె వెయ్యి. మూకుట్లో అడుగు ఎర్రగా కాలాక ఆ మాడు పెచ్చు విరిచి చేతికిస్తే తినని పిల్లాణ్ణి నేను చూడలేదు. మినప్పప్పు కదా, ఒంటికి బలం.

పీహెచ్‌సీ_నర్సు | డిసెంబర్ 3, మధ్యాహ్నం 1:15

నేను కోనసీమలోనే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. మీ బాబు వయసుకి హిమోగ్లోబిన్ కనీసం 11.5 ఉండాలి. 9.8 అంటే మధ్యస్థంగా తక్కువ. అజాగ్రత్త చేయకూడదు, అలాగని భయపడక్కర్లేదు కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తమ్మీద ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. అందుకని తప్పంతా మీ మీద వేసుకోకండి.

మీరు రాసింది చదివితే నాకు ముందు కనబడింది పాలు. పొద్దున పెద్ద గ్లాసు, రాత్రి రెండుసార్లు. లీటరుకి దగ్గర్లో ఉందేమో కొలిచి చూడండి. పాలల్లో ఐరన్ దాదాపు లేనట్టే. పైగా పాలల్లో ఉండే కాల్షియం మిగతా తిండిలోని ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. కడుపు మాత్రం నిండిపోతుంది. ఈ వయసు పిల్లాడికి పెరుగుతో కలిపి రోజుకి 400, 500 మి.లీ. చాలు. రాత్రి పడుకునే ముందు గ్లాసు మెల్లగా తగ్గించండి. ఒకేసారి ఆపితే గొడవ చేస్తాడు. రోజుకి రెండు గుక్కలు తగ్గిస్తూ రండి.

సిరప్ పాలతోగానీ టీతోగానీ పట్టొద్దు. నిమ్మరసం, జామకాయ, ఉసిరి లాంటివి పక్కన ఉంటే ఐరన్ బాగా పడుతుంది. మన ఇళ్లలో పిల్లలకి టీలో బిస్కట్ ముంచి ఇవ్వడం అలవాటు, అది పూర్తిగా మానేయాలి. విరేచనం నల్లగా వస్తే కంగారుపడకండి, సిరప్ వల్లే. పళ్లకి మరక పడకుండా వేశాక నోరు పుక్కిలించమనండి. సీసా మాత్రం పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి. తియ్యగా ఉందని ఒకేసారి తాగేస్తే ప్రాణం మీదికొస్తుంది.

నులిపురుగుల మందు ఎప్పుడు వేశారు? ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో వేస్తారు. ఆగస్టులో తప్పిపోయి ఉంటే డాక్టరు గారిని అడగండి.

భీమవరం_చెరువుగట్టు | డిసెంబర్ 3, రాత్రి 9:05

మా ఇల్లు చెరువుల మధ్యే. చేపలు పండించే ఊళ్లో పిల్లలకి చేప అలవాటు చేయరు, ముల్లు గుచ్చుకుంటుందని భయం. మా అమ్మాయికి ముందు రొయ్యలతో మొదలుపెట్టాం. ముల్లు ఉండదు. పసుపు, ఉప్పు వేసి ఉడికించి సన్నగా తరిగి పప్పన్నంలో. మొదటిసారి చిటికెడే పెట్టి ఒంటి మీద దద్దుర్లు, దురద వస్తాయేమో రెండు రోజులు చూడాలి, కొందరికి పడదు. ఆ తర్వాత పండుగప్ప. దానికి సన్న ముళ్లు తక్కువ. అయినా నేను వేళ్లతో నలిపి చూసిగానీ పళ్లెంలో వెయ్యను. ఇప్పుడు మా అమ్మాయికి పదేళ్లు, కట్టెపరిగెల పులుసు కూడా వదలదు.

మీరు మాంసాహారం తినేవాళ్లో కాదో తెలియదు, తింటే మాత్రం చేప, కోడి కాలేయం వారానికి రెండుసార్లు పెట్టండి. వాటిలో ఐరన్ ఆకుకూరల్లో ఐరన్ కంటే తేలిగ్గా పడుతుంది.

కోనసీమ_కోడలు | డిసెంబర్ 4, ఉదయం 11:30

నర్సుగారూ, మీరు చెప్పాక గ్లాసు కొలిచాను. ఒక్కోటి 300 మి.లీ. పడుతోంది. రోజుకి మూడు గ్లాసులు, పెరుగు కాకుండా. నాకు చేతులు చల్లబడిపోయాయి. ఇన్నాళ్లూ బలం అనుకుని పోస్తున్నాను. మేం చేపలు, గుడ్లు తింటామండి.

మావయ్యగారి సంగతే తోచడం లేదు. అత్తయ్యగారితో అన్నాను. "నువ్వే చెప్పు, నేను చెబితే వినరు" అన్నారు.

రావులపాలెం_నాన్న | డిసెంబర్ 4, రాత్రి 8:40

చెల్లెమ్మా, మా ఇంట్లో ఇదే జరిగింది. మా నాన్నగారు మనవరాలికి రోజూ ప్యాకెట్లు తెచ్చేవారు. నేను ఒకరోజు కోపంగా ఆయన చేతిలోంచి లాక్కుని పారేశాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పని మాత్రం చేయకండి.

తాతకి కావాల్సింది ఆ బిస్కట్ కాదు కదా. తను రాగానే మనవరాలు పరిగెత్తుకుని రావాలి, అంతే. అది అర్థమయ్యాక ఆయనకే ఒక పని అప్పజెప్పాను. నాది అరటికాయల వ్యాపారం. "నాన్నగారూ, పాపకి ఏ పండు బాగుంటుందో మీకు తెలిసినట్టు నాకు తెలియదు, రోజూ యార్డ్‌కి వచ్చి మీరే చూసి తేవాలి" అన్నాను. ఆ రోజు నుంచి కర్పూర చక్కెరకేళి అత్తం ఒకరోజు, అమృతపాణి ఒకరోజు, ఎర్రగా మిగలపండిన బొప్పాయి ఒకరోజు. సైకిల్ బెల్లు అదే, పరుగు అదే. సంచీలో వస్తువు మారింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఒకే పండు చెరిసగం తింటారు.

డాక్టరు గారి కాగితం మావయ్యగారికే ఇచ్చి చదవమనండి. మీరు వద్దంటే ఆంక్షలా ఉంటుంది. కాగితంలో అంకె చూస్తే ఆయనకే బాధ్యత అనిపిస్తుంది.

పోషకాహారం_చదివా | డిసెంబర్ 5, ఉదయం 10:10

పెద్దమ్మగారు ఫోన్ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. తెర చూస్తూ తినే పిల్లలకి ఏం తింటున్నారో, ఎప్పుడు కడుపు నిండిందో తెలియదు. "నాలుగు ముద్దలు ఎక్కువే పెట్టు" అన్న మాట దగ్గర మాత్రం నేను ఒప్పుకోలేను, పెద్దమ్మగారు మన్నించాలి.

పుట్టిన బిడ్డ ఏడాది నిండేసరికి మూడింతల బరువవుతుంది. ఆ తర్వాత ఆ వేగం ఉండదు. రెండేళ్లు దాటాక ఏడాదికి దాదాపు రెండు కిలోలు పెరుగుతారు, అంతే. ఆకలి తగ్గడం సహజం. మనం మాత్రం పాత లెక్కే మనసులో పెట్టుకుని కుక్కుతాం. కుక్కేకొద్దీ పళ్లెం కనబడితేనే భయం పట్టుకుంటుంది. అమెరికాలో ఎలిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు ఒక పద్ధతి చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దవాళ్ల వంతు. అందులో తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల వంతు. నేను చూసిన ఇళ్లలో దీనికి మించింది కనబడలేదు.

మీ ఇంట్లో అయితే ఇలా చేసి చూడండి. తినే వేళల మధ్య రెండున్నర, మూడు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. అందరూ ఒకేసారి కింద కూర్చోండి. బాబు పళ్లెంలో వాడు తినే పెరుగన్నం ఉండాలి, పక్కన మీరు తినే కూర ఒక్క చెంచా. తినమని అనొద్దు, తినలేదని నిట్టూర్చొద్దు, తింటే చప్పట్లు కొట్టొద్దు. అరగంటలో పళ్లెం తీసేయండి. కొత్త రుచి పిల్లల నోటికి అలవాటవడానికి ఎనిమిది నుంచి పదిహేనుసార్లు దాకా పట్టొచ్చు. మనం రెండోసారికే "వీడికి వంకాయ పడదు" అని తీర్పు చెప్పేస్తాం. ఇంకొకటి, "కూర తింటే చాక్లెట్ ఇస్తా" అనొద్దు. కూర కష్టం, చాక్లెట్ బహుమానం అని మనమే నేర్పినట్టవుతుంది.

పాపని కూడా మర్చిపోకండి. ఏడాది నిండేదాకా తేనె వద్దు. చక్కెర కలిపినవి రెండేళ్లదాకా వద్దు. పప్పు, కూరలో కారం, ఉప్పు వేయకముందే పాపకి కొంచెం తీసి మెదిపి పెట్టండి. పల్లీలు, జీడిపప్పు పలుకులుగా ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి.

పాలకొల్లు_పెద్దమ్మ | డిసెంబర్ 5, సాయంత్రం 4:30

మన్నించడానికేముందమ్మా. మా రోజుల్లో పిల్లలు తోటల్లో పరిగెత్తి పరిగెత్తి ఆకలితో వచ్చేవారు, నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టినా చెల్లేది. మధ్యలో ప్యాకెట్లు ఎక్కడివి? నువ్వు చెప్పింది ఆలోచించాల్సిందే. కానీ చేత్తో కలిపి పెట్టడం మానొద్దనే నా మాట. వాడి చేత్తో వాడు తింటూ ఉండగా మధ్యలో ఒక్క ముద్ద అమ్మ చేతిది. ఆ మాత్రం ఉండాలి.

బడిపంతులమ్మ | డిసెంబర్ 6, రాత్రి 9:50

రాజోలు వైపు సర్కారు ప్రాథమిక బడిలో చెబుతున్నాను. మా మధ్యాహ్న భోజన పథకానికి 2024 నుంచి డొక్కా సీతమ్మ గారి పేరు ఉంది. లంకల గన్నవరంలో వేళకాని వేళ ఎవరు తలుపు తట్టినా లేచి వండిపెట్టిన తల్లి. ఆ పేరున్న భోజనం మా గోదావరి పిల్లలకి వడ్డించడం నాకు గర్వంగా ఉంటుంది.

నేను చూసింది చెబుతాను. ఒకటో తరగతిలో చేరిన కొత్తలో ఒక పాప గుడ్డు చూస్తే వాంతి చేసుకునేది. వాళ్లమ్మ ముందే చెప్పింది, పెట్టొద్దని. నేను బలవంతం చేయలేదు, పళ్లెంలో పెట్టి ఊరుకున్నాను. మొదటివారం పక్కనున్న అమ్మాయికి ఇచ్చేసేది. తర్వాత పెంకు మాత్రం తానే వలిచి ఇచ్చేది. పగలకుండా ఒక్క చుట్టులో వలవాలని పిల్లలందరూ పోటీ. ఒకరోజు తెల్లసొన చివర కొరికింది. దసరా సెలవులకి ముందు మొత్తం తినేసింది. వరసగా కూర్చున్న పదిమంది తింటుంటే పదకొండో పిల్లకీ నోరూరుతుంది. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చోబెట్టి ముగ్గురు పెద్దవాళ్లు చుట్టూ నిలబడితే ఎవరికి దిగుతుంది చెప్పండి?

రాగిజావ, పల్లీ చిక్కీ కూడా మా దగ్గర ఇష్టంగా తీసుకుంటారు. మన డెల్టాలో ఇడ్లీ, అన్నం, అట్టు అన్నీ బియ్యమే. మా నాయనమ్మ చోళ్ల (రాగుల) సంకటి గురించి చెబుతుంటే కథలా వినేవాళ్లం. ఇప్పుడు ఆ చోళ్లే జావగా బడికి వస్తున్నాయి.

సెలవు రోజు మీ వీధి పిల్లల్ని నలుగురిని పిలిచి అరుగు మీద బాబుతో కలిపి వడ్డించి చూడండి.

హైదరాబాద్_లంకవాసి | డిసెంబర్ 7, ఉదయం 7:25

పాలల్లో కలిపే పొడి సంగతి ఎవరూ అడగలేదు. డబ్బా వెనక్కి తిప్పి 100 గ్రాములకి చక్కెర ఎంతో చూడండి. నాలుగు గ్రాములు ఒక చెంచా అని లెక్క. మన చట్టంలో "హెల్త్ డ్రింక్" అన్నదానికి నిర్వచనమే లేదు. ఆన్‌లైన్ దుకాణాలు అలాంటి పానీయాలని ఆ విభాగంలోంచి తీసేయాలని కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిల్‌లో చెప్పింది. ఇక్కడ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే ఏడాది ఇచ్చిన 17 మార్గదర్శకాల్లో లేబుల్ చదివి కొనమన్నది ఒకటి. మా పిల్లలకి పాలల్లో పొడి మాన్పించడానికి నెల పట్టింది. వారానికి అర చెంచా చొప్పున తగ్గించాం, వాళ్లకి తేడా తెలియలేదు.

కోనసీమ_కోడలు | డిసెంబర్ 17, మధ్యాహ్నం 3:00

ఆలస్యమైంది, మన్నించండి. పాపకి జలుబు చేసింది.

కాగితం మావయ్యగారికి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఏమీ మాట్లాడకుండా దొడ్లోకి వెళ్లిపోయారు. సాయంత్రం సంచీలో జామకాయలు ఉన్నాయి. మొదటి రెండు రోజులు మావాడు ప్యాకెట్ ఏదని కింద పడి ఏడ్చాడు. మూడోరోజు తాతయ్య జామకాయ కోసి కాస్త ఉప్పు, కారం అద్ది తాను తింటూ కూర్చున్నారు. వాడే చెయ్యి చాపాడు.

రాత్రి పాలు ఇప్పుడు సగం గ్లాసు, పొడి లేదు. నిజంగానే పొద్దున్నే ఆకలి అంటున్నాడు. వాడి నోటి వెంట ఆ మాట నేను మొదటిసారి విన్నాను.

మొన్న ఆదివారం పొట్టిక్కలు వేశాం. పనసాకులు కోసి కడిగే పని వాడికిచ్చాను. నాలుగు ఆకులు ఎలా కలపాలో, ఈనెపుల్ల ఎక్కడ గుచ్చాలో అత్తయ్యగారు చూపించారు. వాడు కుట్టిన బుట్ట ఒక పక్కకి వాలిపోయింది. పిండి పోస్తే కొంత కారింది. అయినా అదే వాడిదని గుర్తు పెట్టుకున్నాడు. ఉడికాక ఆకు ఊడదీస్తే పిండి మీద ఆకు ఈనెల గీతలు అచ్చుపడి ఉన్నాయి. వాటిని వేలితో తడిమి, వాసన చూసి, అల్లం పచ్చడి అద్దుకుని మొత్తం తినేశాడు. ఫోన్ ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు.

కూర మాత్రం ఇంకా ముట్టడం లేదు. మునగాకు పప్పు ఆరుసార్లు పెట్టాను. ఆకులన్నీ ఏరి పళ్లెం అంచున వరసగా పెడుతున్నాడు.

పీహెచ్‌సీ_నర్సు | డిసెంబర్ 17, రాత్రి 8:15

ఏరుతున్నాడంటే చేత్తో పట్టుకుంటున్నాడు, వాసన చూస్తున్నాడు. అది చాలా ముందడుగు. ఏరనివ్వండి. పప్పు లోపలికి వెళ్తోందిగా. సిరప్ ఆపొద్దు. హిమోగ్లోబిన్ సరిపోయిందని తేలాక కూడా ఒంట్లో నిల్వ కోసం ఇంకో రెండు మూడు నెలలు వాడమంటారు. డాక్టరు గారు చెప్పేదాకా మీరుగా మానకండి.

కోనసీమ_కోడలు | జనవరి 21, రాత్రి 9:30

పండగ హడావిడి ఇప్పటికి తీరింది. నిన్న రక్తపరీక్ష చేయించాం. 11.1. డాక్టరు గారు సిరప్ కొనసాగించమన్నారు, ఇంకో నెలన్నరకి మళ్లీ రమ్మన్నారు. ఈ అంకె మీ అందరికీ చెప్పాలని బస్సులోనే టైపు చేయడం మొదలుపెట్టాను.

పండగకి ముందు మావయ్యగారు తేగల పాతర తవ్వారు. భాద్రపదంలో తాటి టెంకలు పాతిపెట్టింది కూడా మావాడికి గుర్తుంది. గునపంతో మట్టి పెళ్లగిస్తుంటే వీడు పక్కన కూర్చుని ఒక్కో తేగ మట్టి దులిపి లెక్కపెట్టాడు. అరవై దాకా లెక్క తప్పలేదు. టెంక పగలగొట్టి లోపలి మెత్తటి బుర్రగుంజు తీసి తాతయ్య చేతిలో పెడితే కొరికి చూసి "తియ్యగా ఉంది, ఇది కొట్లో ఎందుకు అమ్మరు?" అని అడిగాడు. సాయంత్రం కుండలో తేగలు ఉడకేసి, వీధి పిల్లలు ఎనిమిది మందిని పిలిచాం. పంతులమ్మగారు చెప్పినట్టే అందరూ వరసగా అరుగు మీద. తేగని నిలువునా చీల్చి మధ్యలో ఉండే లేత మొలక, అదే చందమామ, ఎవరికి పొడుగ్గా వచ్చిందో చూసుకుంటూ, పీచు లాగుతూ తిన్నారు.

మునగాకు సంగతి కూడా చెప్పాలి. లెక్క పెట్టుకున్నాను, పదకొండోసారి. ఆ రోజు ఆకు దూసింది వాడే. తెలగపిండితో కూర చేస్తే "నేను దూసిన ఆకు ఏది?" అని వెతుక్కుని తిన్నాడు. నేను ఏమీ అనకుండా తల వంచుకుని నా అన్నం తిన్నాను. కళ్లల్లో నీళ్లు ఆగలేదు.

పాపకి ఏడాది నిండింది. పండుగప్ప మెత్తగా మెదిపి పప్పన్నంలో పెట్టడం మొదలుపెట్టాను, పడింది. సెంటర్‌లో ప్యాకెట్లు పూర్తిగా మానలేదు, ఆదివారం ఒకటి అని తాతామనవలు ఒప్పందం చేసుకున్నారు. దానికి నేను అడ్డు చెప్పలేదు.

కాకరకాయ మాత్రం వాసన తగిలితేనే లేచిపోతున్నాడు. ఎవరి దగ్గరైనా ఉపాయం ఉందా?

పాలకొల్లు_పెద్దమ్మ | జనవరి 22, ఉదయం 5:40

చల్లగా ఉండాలి తల్లీ నీ పిల్లలు. కాకరకాయ పైన గరుకు గీకేసి, చక్రాలుగా తరిగి, ఉప్పు, పసుపు రాసి గంట ఉంచి గట్టిగా పిండెయ్యి. చిక్కటి మజ్జిగలో ఉడికించి వార్చేసి, ఉల్లిపాయతో ఎర్రగా వేయించి, చివర్లో బెల్లం చిన్న ముక్క. ముందు మీ మావయ్యగారికి వడ్డించు, వాడి ఎదురుగా.